కమాండ్ కంటే ముందు షెల్ చదువుతుంది

చిరంజీవులకు ఆశీస్సులు.

టెర్మినల్‌లో మీరు కొట్టేది ఒకటి, జరిగేది ఇంకొకటి అవుతోందని తెలిసింది. టెన్షన్ పడి విండో మూసేయకండి. చాలాసార్లు తప్పు కమాండ్‌ది కాదు. మీరు రాసిన లైను దాని చేతికి అందేలోపే మారిపోయి ఉంటుంది.

ఎంటర్ నొక్కగానే ఆ లైనును ముందు చదివేది షెల్, అంటే మీరు కొట్టింది చదివి కమాండ్లను నడిపించే ప్రోగ్రాం. ఖాళీ కనిపించిన చోటల్లా ముక్క చేస్తుంది. డాలర్ గుర్తుతో వేరియబుల్ (ఒక విలువకు పెట్టుకున్న పేరు) ఉంటే దాని విలువ తెచ్చిపెడుతుంది. నక్షత్రం గుర్తు ఉంటే మీరున్న ఫోల్డర్‌లోని ఫైళ్లలో సరిపోయే పేర్లన్నీ అక్కడ పేరుస్తుంది. ఇదంతా అయ్యాకే కమాండ్ మొదలవుతుంది. 1979లో వచ్చిన బోర్న్ షెల్ నుంచి ఇప్పటి బ్యాష్ దాకా ఇదే వరస.

'పాత ఫోటోలు' అని ఒక ఫైలు ఉందనుకోండి. ఫైళ్లను తీసేసే కమాండ్ ఆర్‌ఎం. కోట్స్ లేకుండా ఆర్‌ఎం పాత ఫోటోలు అని కొడితే, ఆర్‌ఎంకి రెండు పేర్లు అందుతాయి: ఒకటి 'పాత', రెండోది 'ఫోటోలు'. అలాంటి ఫైళ్లు లేవని ఎర్రర్ వస్తే మీ అదృష్టం. నిజంగానే 'పాత' అనే ఫైలు ఉంటే అది పోయినట్టే. ఆర్‌ఎం తీసేసింది ట్రాష్‌లోకి వెళ్లదు. అందుకే పేరులో ఖాళీ ఉంటే కోట్స్ పెట్టండి. వేరియబుల్‌కైతే డబుల్ కోట్సే పెట్టాలి, సింగిల్ కోట్స్‌లో దాని విలువ రాదు.

నక్షత్రంతో ఏదైనా తీసేసే ముందు లైను మొదట్లో ఎకో చేర్చి చూడండి, అది తనకు అందిన పదాలను తెరపై చూపించే కమాండ్. ఏయే పేర్లు వెళ్తున్నాయో కనిపిస్తుంది, ఏదీ చెరిగిపోదు. అయితే ఒక పేరు ఎక్కడ ముగిసిందో ఎకో చెప్పదు. అది తెలియాలంటే సెట్ మైనస్ ఎక్స్ అని కొట్టండి. అప్పటినుంచి షెల్ ప్రతి కమాండ్‌నూ తాను విడగొట్టిన రూపంలో, ప్లస్ గుర్తుతో చూపిస్తుంది. చాలనుకుంటే సెట్ ప్లస్ ఎక్స్. నాకైతే ఇంతకు మించిన సాయం ఇంకోటి లేదనిపిస్తుంది.

ఇంకో ప్రమాదం ఉంది, ఇది జాగ్రత్తగా చదవండి. సార్ట్ అనేది ఫైల్లోని లైన్లను వరసలో పెట్టే కమాండ్. సార్ట్ జాబితా > జాబితా అని కొడితే ఫైలు ఖాళీ అయిపోతుంది. ఫలితాన్ని ఫైల్లోకి పంపే ఆ బాణం గుర్తు సార్ట్‌ది కాదు, షెల్‌ది. సార్ట్ మొదలవకముందే షెల్ ఆ ఫైలును రాయడానికి తెరిచి, ఉన్నదంతా తుడిచేస్తుంది. ఆ తర్వాత సార్ట్‌కి చదవడానికి ఏముంటుంది? దీనికి సార్ట్‌లోనే మైనస్ ఓ అనే ఆప్షన్ ఉంది, అది వాడండి. అడ్మిన్ హక్కులతో కమాండ్‌ను నడిపించే సుడో పెట్టినా బాణం దగ్గర 'పర్మిషన్ డినైడ్' వచ్చేది కూడా ఇందుకే: ఫైలు తెరిచేది మీ మామూలు షెల్, సుడో కాదు.

ఎంటర్ కొట్టాక ఊరికే ఒక బాణం గుర్తు వచ్చి ఆగిపోతే, సాధారణంగా ఎక్కడో కోట్ మూయలేదని అర్థం. కంట్రోల్ సి కొట్టి బయటికి రండి. ఏం టైప్ చేసినా తెర కదలకపోతే పొరపాటున కంట్రోల్ ఎస్ నొక్కి ఉంటారు, కంట్రోల్ క్యూ కొడితే కదులుతుంది.

మళ్లీ ఎక్కడైనా ఆగిపోతే ఎర్రర్‌ను ఉన్నదున్నట్టు కాపీ చేసి పంపండి. మీరు వాడేది ఏ షెల్ అన్నది కూడా రాయండి. నక్షత్రానికి సరిపోయే ఫైలు ఒక్కటీ లేకపోతే బ్యాష్ ఆ నక్షత్రాన్నే కమాండ్‌కి ఇచ్చేస్తుంది, 2019 నుంచి మ్యాక్‌లో మామూలుగా వస్తున్న జడ్‌షెల్ మాత్రం కమాండ్‌ను నడపకుండా అక్కడే ఆపేస్తుంది.

మీ తాతయ్య