సెల్ఫ్ తిరుగుతుంది, బండి స్టార్ట్ కాదు: అపోహలు - వాస్తవాలు

పొద్దున తొమ్మిదింటిలోపు నాకొచ్చే ఫోన్లలో ఎక్కువ ఇదే రకం. "అన్నా, సెల్ఫ్ తిరుగుతోంది కానీ బండి స్టార్ట్ కావట్లేదు. కొత్త బ్యాటరీ పంపిస్తావా?" నేను బ్యాటరీ పంపించను. "సార్, ఫోన్ స్పీకర్‌లో పెట్టి బానెట్ దగ్గర పట్టుకోండి. ఒక్కసారి తాళం తిప్పండి, వింటాను" అంటాను. మూసాపేటలో షెడ్డు నడుపుతున్న నాకు ఈ కంప్లయింట్‌లో స్పానర్ కన్నా ముందు పనికొచ్చేది చెవి.

అపోహ: స్టార్ట్ కాలేదంటే బ్యాటరీ పోయినట్టే.

బ్యాటరీ పోతే సౌండ్ వేరు. 'టక్' అని ఒక్కసారి కొట్టి ఆగుతుంది, లేదా టకటకమంటుంది. ఇంజన్ రోజూ తిరిగే స్పీడులోనే తిరుగుతుంటే బ్యాటరీ, సెల్ఫ్ మోటార్ తమ పని చేసేసినట్టే. లోపల మంట అంటుకోవడం లేదు, అంతే. పెట్రోల్ అందకపోవచ్చు, స్పార్క్ రాకపోవచ్చు, ఈసీఎం, అంటే ఇంజన్‌ని నడిపించే కంప్యూటర్, ఒప్పుకోకపోవచ్చు. కొత్త బ్యాటరీ ఈ మూడింటిలో దేన్నీ బాగుచేయదు.

ఒక్క మినహాయింపు ఉంది. ఇంజన్ ఈడ్చుకుంటూ, మూలుగుతూ తిరిగితే బ్యాటరీని అనుమానించాల్సిందే. బాగున్న బ్యాటరీ బండి ఆపి ఉన్నప్పుడు 12.6 వోల్టులు చూపిస్తుంది. సెల్ఫ్ తిరిగేటప్పుడు అది 9.6 కన్నా కిందికి జారితే, మోటార్ ఎలాగోలా తిరిగినా ఈసీఎంకి, పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్లకి చాలినంత కరెంటు ఉండదు. మీటర్ పెడితే పది సెకన్లలో తేలిపోతుంది.

మూడో సౌండ్ వింటే మాత్రం నాకే భయం. ఇంజన్ ఎప్పటికన్నా స్పీడుగా, బరువే లేనట్టు 'వుయ్య్' మని జారిపోతూ తిరుగుతుంది. కంప్రెషన్ లేదన్నమాట, అంటే పిస్టన్ గాలిని నొక్కడం లేదు. పిస్టన్‌తో పాటు వాల్వుల్ని సరైన సమయానికి తెరిపించే టైమింగ్ బెల్ట్ తెగినా, పళ్లు జారినా ఇలాగే ఉంటుంది. చాలా ఇంజన్లలో బెల్ట్ తెగితే వాల్వులు పిస్టన్‌కి తగిలి వంగుతాయి. అక్కడితో ఆపేయండి, టోయింగ్ వాళ్లని పిలవండి.

అపోహ: తిప్పుతూనే ఉంటే ఎప్పుడో ఒకప్పుడు అందుకుంటుంది.

పాత కార్బ్యురేటర్ బండ్ల నాటి అలవాటు ఇది. సెల్ఫ్ మోటార్ వందకు పైగా ఆంపియర్లు లాగుతుంది, అంత కరెంటుకి వేడెక్కిపోతుంది. ఐదారు సెకన్లు తిప్పాలి, అర నిమిషం ఆగాలి. మూడుసార్లకి కాకపోతే నాలుగోసారి కూడా కాదు. పైగా ప్రతిసారీ లోపలికి వెళ్లిన పెట్రోల్ మండకుండా స్పార్క్ ప్లగ్గుల్ని తడిపేస్తుంది. అందుకే ఒకటి పాడై వచ్చిన బండి నా షెడ్డుకి చేరేసరికి మూడు పాడై ఉంటుంది.

ఈ తడిసిపోవడం అపార్ట్‌మెంట్లలో ఎక్కువ. ఆదివారం కడగడానికని సెల్లార్‌లోంచి బయటికి తీస్తారు, నిమిషంలో ఆపేస్తారు. చల్లటి ఇంజన్‌కి ఈసీఎం పెట్రోల్ ఎక్కువ ఇస్తుంది, అది మండేలోపే బండి ఆగిపోయింది. సోమవారం పొద్దున ఎంత తిప్పినా రాదు, పెట్రోల్ వాసన మాత్రం గుప్పుమంటుంది. అలాంటప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగా కిందికి నొక్కిపట్టి ఐదారు సెకన్లు తిప్పండి. చాలా పెట్రోల్ ఇంజెక్షన్ బండ్లలో అలా నొక్కితే ఈసీఎం పెట్రోల్ ఆపేసి గాలి మాత్రమే పంపుతుంది, ప్లగ్గులు ఆరతాయి. అందుకోగానే కాలు తీసేయండి.

అపోహ: ముల్లు పావు చూపిస్తోంది కాబట్టి పెట్రోల్ ఉంది.

ముల్లుని నడిపేది ట్యాంకులో తేలే ఫ్లోట్. అది ఇరుక్కుంటే ఎండిన ట్యాంకు కూడా పావు చూపిస్తుంది. ఏటవాలు ర్యాంపు మీద పెడితే ఉన్న కాస్తా పంపుకి అందని మూలకి చేరుతుంది. ముల్లుని కాదు, పంపుని వినండి. ఏసీ, రేడియో ఆపేసి, తాళం ఆన్ వరకే తిప్పి ఆగండి. వెనక సీటు కింద రెండు సెకన్లు 'జుయ్' మనాలి. చాలా పెట్రోల్ బండ్లలో ఇది వినిపిస్తుంది. వినిపించలేదంటే ముందు ఫ్యూజ్, తర్వాత రిలే (పంపుకి కరెంటు కలిపే చిన్న స్విచ్చు) చూడండి. హారన్ రిలే మీద అదే నంబరు ఉంటే రెండూ మార్చి పెట్టి చూడండి, పైసా ఖర్చు లేదు. ట్యాంకు అడుగున అరచేత్తో తడితే ఒక్కోసారి పంపు మేలుకుంటుంది. అది ఇంటికి చేరడానికి వాడే చిట్కా, రిపేర్ కాదు. మర్నాడు మళ్లీ పడుకుంటుంది.

సీఎన్‌జీ వాళ్లకి ప్రత్యేకంగా ఒక మాట. "గ్యాస్ నిండుగా ఉందన్నా, పెట్రోల్ ఎందుకు దండగ?" అంటారు. చాలా సీఎన్‌జీ బండ్లు మొదట పెట్రోల్ మీదే స్టార్ట్ అయి, ఇంజన్ వేడెక్కాక గ్యాస్‌కి మారతాయి. పెట్రోల్ లేకపోతే సెల్ఫ్ తిరుగుతూనే ఉంటుంది. పైగా పంపుని చల్లబరిచేది ఆ పెట్రోలే.

అపోహ: నలుగురం కలిసి తోస్తే స్టార్ట్ అవుతుంది.

తోయడం అంటే సెల్ఫ్ చేయాల్సిన పని మనుషులు చేయడం. సెల్ఫ్ ఆల్రెడీ తిరుగుతుంటే తోసి లాభమేముంది? ఆటోమేటిక్ బండి అయితే ఎంతమంది తోసినా ఇంజన్ తిరగనే తిరగదు.

అపోహ: స్కానర్ పెడితే ఏ పార్ట్ పోయిందో చెప్పేస్తుంది.

స్కానర్ కోడ్ చెబుతుంది, పార్ట్ చెప్పదు. పీ0335 వస్తే క్రాంక్ సెన్సర్ (ఇంజన్ తిరుగుతోందని ఈసీఎంకి చెప్పేది) సర్క్యూట్‌లో తేడా ఉందని అర్థం. సెన్సర్ కావచ్చు, వైర్ కావచ్చు, కనెక్టర్‌లో పచ్చటి తుప్పు కావచ్చు. చాలా పెట్రోల్ బండ్లలో ఫ్యూయల్ ప్రెషర్ కొలిచే సెన్సరే ఉండదు, కాబట్టి పంపు చచ్చినా స్కానర్ 'అంతా ఓకే' అంటుంది.

మొన్న మే నెలలో ఒకాయన బండి కూకట్‌పల్లి ట్రాఫిక్‌లో ఆగిపోయింది. ఎంత తిప్పినా రాదు, అరగంట నీడలో ఉంచితే ఏమీ జరగనట్టు స్టార్ట్ అవుతుంది. వేరే చోట రెండుసార్లు స్కాన్ చేశారు, కోడ్ లేదు. పంపు మార్చారు, కాయిల్ మార్చారు. నేను వెళ్లేసరికి బండి ఇంకా వేడిగానే ఉంది. సెల్ఫ్ తిప్పమని ఆయనకి చెప్పి ఆర్‌పీఎం ముల్లు చూశాను. చాలా బండ్లలో అప్పుడు ముల్లు కాస్తయినా లేస్తుంది. ఇక్కడ సున్నా మీదే పడుకుంది. ఇంజన్ తిరుగుతున్న సంగతి ఈసీఎంకి తెలియడం లేదన్నమాట. తెలియనప్పుడు స్పార్క్ ఇవ్వదు, పెట్రోల్ చిమ్మదు. తడిగుడ్డ చుట్టి క్రాంక్ సెన్సర్ మీద మూడు నిమిషాలు పెట్టాను. తిప్పగానే పట్టింది. లోపలి తీగచుట్ట వేడికి తెగి, చల్లారాక మళ్లీ అతుక్కునే రకం జబ్బు. కొత్త సెన్సర్ రాణిగంజ్ నుంచి తెప్పించి వేశాం. ఆయన అప్పటిదాకా పెట్టిన ఖర్చుతో అలాంటివి ఒక డబ్బా కొనొచ్చు.

అపోహ: డీజిల్ బండి పొద్దున స్టార్ట్ కాలేదంటే గ్లో ప్లగ్గులే.

గ్లో ప్లగ్గులంటే చల్లటి డీజిల్ ఇంజన్‌ని లోపల వేడిచేసేవి. మన హైదరాబాద్ చలికి అవి కాస్త బలహీనపడ్డా బండి కొంచెం ఎక్కువ తిరిగి, పొగ కక్కి, స్టార్ట్ అవుతుంది. నేను ముందు చూసేది గాలి. డీజిల్ అయిపోయేదాకా నడిపినా, ఫిల్టర్ మార్చి బిగించడంలో తేడా వచ్చినా లైన్లో గాలి చేరుతుంది. కామన్ రైల్ ఇంజన్‌లో (ఇంజెక్టర్లన్నిటికీ ఒకే పైపులోంచి డీజిల్ అందే రకం) ఆ పైపులో, అంటే రైల్‌లో, ప్రెషర్ సుమారు 200 బార్‌కి చేరితే గానీ ఇంజన్ పట్టుకోదు, గాలి ఉంటే అంత ప్రెషర్ లేవదు. ఫిల్టర్ దగ్గర చేతి పంపు ఉంటే అది గట్టిపడేదాకా నొక్కండి. ఇంజన్ గాలి పీల్చే ఇంటేక్‌లో స్టార్టింగ్ స్ప్రే మాత్రం కొట్టకండి. గ్లో ప్లగ్ వేడికి అది టపీమని అంటుకుంటే ఇంజన్‌కీ ముప్పు, మీ కనుబొమ్మలకీ ముప్పు.

చిన్నవి రెండు. డాష్‌బోర్డులో తాళం బొమ్మ లైటు మినుకుమినుకుమంటుంటే ఇమొబిలైజర్ మీ తాళాన్ని గుర్తుపట్టలేదు. బీరువాలోంచి స్పేర్ తాళం తెచ్చి చూడండి. రెండోది, వారం రోజులు సెల్లార్‌లో కదలకుండా ఉన్న బండికి ముందు బానెట్ ఎత్తి చూడండి. కొరికిన వైర్లు, ఎలుక పెంటికలు కనిపిస్తే టెస్టింగ్ అక్కడే ముగిసింది.

అపోహ: వాన నీళ్లు తీసేశాయి కదా, ఒక్కసారి తిప్పి చూద్దాం.

2020 అక్టోబర్ వరదల తర్వాత టోలిచౌకి వైపు నుంచి ఒక బండి వచ్చింది. నీళ్లు తీసిన రెండో రోజు, సీట్లు ఆరాయని ఓనర్ తాళం తిప్పాడు. గాలిని నొక్కొచ్చు, నీళ్లని నొక్కలేం. సిలిండర్‌లో నీళ్లుంటే పిస్టన్ పైకి రాలేదు, ఆ బలమంతా కనెక్టింగ్ రాడ్ మీద పడుతుంది. 'ధడ్' అని ఒక్క చప్పుడు, రాడ్ వంగింది. తిప్పకుండా తెచ్చి ఉంటే ప్లగ్గులు విప్పి, చేత్తో ఇంజన్ తిప్పి నీళ్లు బయటికి పంపి, ఆయిలూ ఫిల్టర్లూ మార్చి బతికించేవాళ్లం. నీళ్లలో తిప్పి పాడుచేసిన ఇంజన్‌కి మామూలు పాలసీలో క్లెయిమ్ రావడం కష్టం, దానికి ఇంజన్ ప్రొటెక్షన్ కవర్ విడిగా తీసుకోవాలి.

అందుకే మలక్‌పేట అండర్ బ్రిడ్జి కింద ఆగిందనో, సెల్లార్‌లో చక్రాలు మునిగాయనో ఫోన్ వస్తే, నేను సౌండ్ వినిపించమని అడగను. తాళం తీసి జేబులో వేసుకోమంటాను.