డిప్లాయ్‌మెంట్ ఆటోమేషన్: రోల్‌బ్యాక్ ఉందన్న ధీమా

అపోహ: కొత్త కోడ్‌ను సర్వర్లలో వేయడం (డిప్లాయ్‌మెంట్) చేత్తో చేసుకుంటే అంతా కళ్ల ముందే ఉంటుంది. ఆ పని దానంతటదే చేసేసే స్క్రిప్ట్‌ని ఎవరు నమ్ముతారు?

వాస్తవం: అమెరికాలో షేర్ ట్రేడింగ్ చేసే నైట్ క్యాపిటల్ 2012లో కొత్త కోడ్‌ను ఎనిమిది సర్వర్లలో వేయాల్సి వచ్చింది. ఏడింటిలో వేశారు, ఒకటి మర్చిపోయారు. సరిచూడ్డానికి రెండో మనిషి లేడు. పైగా కొత్త కోడ్‌కి వాడిన ఫ్లాగ్ (కోడ్‌ని ఆన్ చేసే స్విచ్ లాంటిది), ఏళ్ల క్రితం మూలన పడేసిన పాత కోడ్‌ది. ఆగస్టు 1న మార్కెట్ తెరవగానే ఎనిమిదో సర్వర్‌లో ఆ పాత కోడ్ నిద్రలేచి ఆర్డర్లు కురిపించింది. సుమారు 45 నిమిషాల్లో 46 కోట్ల డాలర్ల పైచిలుకు హుష్‌కాకి.

అపోహ: తేడా వస్తే రోల్‌బ్యాక్ కొట్టేస్తే, అంటే పాత వెర్షన్‌కి వెనక్కి వెళ్లిపోతే సరి.

వాస్తవం: ఆ రోజు వాళ్లూ అదే చేశారు. బాగా నడుస్తున్న ఏడు సర్వర్లలోంచి కొత్త కోడ్ తీసేశారు. దాంతో వాటిలోనూ పాత కోడ్ లేచింది!

కుబర్నెటిస్‌లో (యాప్‌లను చాలా సర్వర్ల మీద నడిపించే సాఫ్ట్‌వేర్) ‘రోల్‌అవుట్ అండూ’ అనే రోల్‌బ్యాక్ కమాండ్ కొడితే వెనక్కి వచ్చేది పాడ్ టెంప్లేట్, అంటే యాప్‌ని ఏ వెర్షన్‌తో, ఏ సెట్టింగ్‌లతో నడపాలో చెప్పే భాగం ఒక్కటే. డేటాబేస్ సంగతి దానికి పట్టదు. ఓసారి మేం రిలీజ్‌లో డేటాబేస్‌లోని ఒక కాలమ్ పేరు మార్చాం. ఇంకేదో బగ్ వచ్చి రోల్‌బ్యాక్ చేస్తే, పాత వెర్షన్ పాత పేరు కోసం వెతుక్కుంటూ ప్రతి రిక్వెస్ట్‌కీ ‘500’ ఎర్రర్ (సర్వర్‌లో లోపం అని చెప్పే కోడ్) ఇచ్చింది. రాత్రంతా టెన్షన్. అప్పట్నుంచీ ముందు కొత్త కాలమ్ చేర్చి రెండింటిలోనూ రాస్తాం, పాత డేటా అందులోకి నింపుతాం, పాత కాలమ్‌ని ఆ తర్వాతి రిలీజ్‌లోనే తీస్తాం. ఒక్క పనికి మూడు రిలీజులా అని మేనేజర్ గారు విసుక్కుంటారు. విసుక్కోనీ.

అపోహ: రోలింగ్ అప్‌డేట్ (నడుస్తున్న పాత కాపీలను కొన్ని కొన్నిగా కొత్తవాటితో మార్చడం) అంటే యూజర్లకి అసలు తెలియనే తెలియదు.

వాస్తవం: రెడీనెస్ ప్రోబ్ (యాప్ పనికి సిద్ధమైందో లేదో చూసే పరీక్ష) పెడితేనే. అది లేకపోతే కంటైనర్ (యాప్ నడిచే డబ్బా లాంటిది) మొదలవ్వగానే కుబర్నెటిస్ ట్రాఫిక్ పంపేస్తుంది. మా జావా యాప్ లేచి కూర్చోడానికే 40 సెకన్లు పడుతుంది. ఆలోపు వచ్చినవాళ్లకి ఎర్రర్ పేజీయే.

అపోహ: కుబర్నెటిస్ లేకుండా ఆటోమేషన్ ఏంటి?

వాస్తవం: ఉన్నవి రెండు సర్వర్లైతే ఆన్సిబుల్ ప్లేబుక్ (సర్వర్లలో చేయాల్సిన పనుల జాబితా, దాన్ని ఆన్సిబుల్ అనే టూల్ నడుపుతుంది) ఒకటి చాలు.

అపోహ: ఇమేజ్‌కి (కంటైనర్‌ని మొదలెట్టే యాప్ ప్యాకేజీ) ‘లేటెస్ట్’ అనే ట్యాగ్ ఉంటే ఎప్పుడూ కొత్తదే నడుస్తుంది.

వాస్తవం: అది ఉత్త పేరే. ప్రొడక్షన్‌లో (యూజర్లు వాడే చోట) ఏ బిల్డ్ ఉందని అడిగితే అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. వెనక్కి వెళ్దామన్నా ఆ పేరు మీద ఇప్పుడున్నది చెడిపోయిన బిల్డే. మేమైతే గిట్ కమిట్ ఐడీనే (కోడ్‌లో సేవ్ చేసిన ప్రతి మార్పుకీ గిట్ ఇచ్చే గుర్తు) ట్యాగ్‌గా పెడుతున్నాం.