మందుల దుకాణం మీది గది

చిరంజీవులైన మనవడికీ మనవరాలికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోనులో మీరిద్దరూ పోట్లాడుకుంటూ అడిగిన ప్రశ్నకు అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. పాటల యాప్‌లో ‘ఐ హావ్ బీన్ లవింగ్ యూ టూ లాంగ్’ అని వెతికితే రెండు వచ్చాయన్నారు. ఒకటి ఓటిస్ రెడింగ్ 1965లో పాడింది. దాని కింద ‘సోల్’ అని ఉంది. రెండోది బార్బరా మాండ్రెల్ 1969లో పాడింది. దాని కింద ‘కంట్రీ’ అని ఉంది. “ఆవిడ ఆయన పాట కాజేసిందా తాతయ్యా?” అని చిన్నది అడిగింది. “కాజేయలేదు, కాపీ కొట్టింది” అని పెద్దవాడు సర్దిచెప్పాడు. ఆ రెండింటికీ తేడా ఏమిటో వాడే చెప్పాలి. నేను మాత్రం నాలుగు రోజులు కూర్చుని విన్నవీ చదివినవీ నెమరు వేసుకుని ఈ ఉత్తరం రాస్తున్నాను. కొంచెం పొడుగ్గానే ఉంటుంది, ఓపిక పట్టండి.

ముందు ఆ రెండు పేర్ల సంగతి. కంట్రీ అంటే అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో పల్లెటూరి తెల్లవాళ్ల పాట: ఫిడేలు, గిటారు, ముక్కుతో పలికినట్టుండే గొంతు. స్టీల్ గిటారు మీద ఉక్కు కడ్డీ జారుస్తుంటే స్వరం ఒకచోటి నుంచి ఇంకోచోటికి పాకుతూ పోతుంది. మన వీణ మీద తీగ లాగినప్పటి జారుడు మీకు తెలుసు కదా, దానికి దూరపు చుట్టమనుకోండి. సోల్ అంటే నల్లజాతి వాళ్లు చర్చిలో పాడే గాస్పెల్ పాట లోకం లోకి దిగి ప్రేమ గురించి, విరహం గురించి మాట్లాడడం మొదలుపెడితే పుట్టింది. అందులో ట్రంపెట్లు, శాక్సోఫోన్లు, ఆర్గన్ ఉంటాయి. నాలుగు లెక్కల తాళంలో రెండో లెక్క మీద, నాలుగో లెక్క మీద డ్రమ్ము దెబ్బ గట్టిగా పడుతుంది. గాయకుడు ఒక్క అక్షరాన్ని పట్టుకుని గమకాలతో సాగదీస్తాడు.

పైకి ఇంత తేడా కనిపిస్తుంది గానీ లోపలి సరుకు దాదాపు ఒకటే. రెండింటిలోనూ చాలా పాటలకు మూడు నాలుగు ‘కార్డ్స్’ (ఒకేసారి కలిపి మోగించే స్వరాల గుంపులు) చాలు. రెండింటి మాటలూ పక్కింటి వాళ్లు మాట్లాడుకున్నట్టే ఉంటాయి. రెండూ చర్చి గడప దాటి వచ్చినవే. మీ నాన్న మనల్ని నాష్‌విల్ తీసుకువెళ్లినప్పుడు రైమన్ ఆడిటోరియంలో చెక్క బల్ల మీద చిన్నది నా ఒళ్లో నిద్రపోయింది, గుర్తుందా? కంట్రీ సంగీతానికి కాశీలాంటి చోటది. 1943 నుంచి 1974 దాకా ‘గ్రాండ్ ఓల్ ఓప్రీ’ రేడియో కార్యక్రమం అక్కడే జరిగేది. కానీ 1892లో దాన్ని కట్టింది ప్రార్థన మందిరంగా. నువ్వు నిద్రపోయింది చర్చి బల్ల మీదేనమ్మా.

ఆ ఓప్రీని ప్రసారం చేసిన డబ్ల్యూ.ఎస్.ఎం. రేడియో శక్తి 50,000 వాట్లు. అదే ఊళ్లో అంతే శక్తి గల ఇంకో స్టేషన్ ఉండేది, డబ్ల్యూ.ఎల్.ఎ.సి. అది రాత్రి పొద్దుపోయాక నల్లజాతి వాళ్ల రిథమ్ అండ్ బ్లూస్ (సోల్‌కు ముందు తరం పాట) రికార్డులు వేసేది. రాత్రిళ్లు రేడియో తరంగాలు ఎంత దూరమైనా పోతాయి. మా చిన్నప్పుడు చీకటి పడ్డాక చెవి రేడియోకు ఆనించి సిలోన్ పట్టుకునేవాళ్లం, అలాగే అక్కడి పిల్లలూ పట్టుకునేవారు. బడిలో, బస్సులో, హోటల్లో తెల్లవాళ్లు ఒకవైపు, నల్లవాళ్లు ఒకవైపు. గాలిలో మాత్రం ఆ గీత గీయడం ఎవరి వల్లా కాలేదు. అలబామాలో పొలం పనులు చేసుకునే తెల్లవాళ్ల పిల్లలు దుప్పటి కింద బ్లూస్ విన్నారు. ఫ్లోరిడాలో రే చార్లెస్ అనే నల్లజాతి పిల్లవాడు శనివారం రాత్రి ఓప్రీ విన్నాడు.

గీత గీసింది వ్యాపారం. ‘బిల్‌బోర్డ్’ పత్రిక నల్లవాళ్ల రికార్డులకు ‘రేస్ రికార్డులు’ అని పేరు పెట్టి వేరే పట్టిక వేసేది. 1949లో ఆ పేరు తీసేసి ‘రిథమ్ అండ్ బ్లూస్’ అన్నారు. పేరు మర్యాదగా మారింది, పట్టిక మాత్రం విడిగానే ఉంది. మీ యాప్‌లో కనిపించే చీటీలు ఆ పట్టికలకు మనవలు.

చూపు లేని రే చార్లెస్ కుర్రతనంలో ఫ్లోరిడాలో ఒక తెల్లవాళ్ల కంట్రీ బృందంలో పియానో వాయించాడు. 1962లో, పెద్ద పేరు వచ్చాక, ఆల్బమ్ అంతా కంట్రీ పాటలే పాడతానన్నాడు. కంపెనీ వాళ్లు జంకారు. అయితే ఏం రికార్డు చేయాలో తానే నిర్ణయించుకునే హక్కు ఆయన ఒప్పందంలోనే రాయించుకున్నాడు. (తెలివి అంటే అదీ!) అందులో డాన్ గిబ్సన్ అనే కంట్రీ గాయకుడు రాసిన ‘ఐ కాంట్ స్టాప్ లవింగ్ యూ’ ఐదు వారాలు దేశం మొత్తం మీద మొదటి స్థానంలో ఉంది. కంట్రీ పట్టికలో మాత్రం అది కనబడనే లేదు. పాట కంట్రీదే, పాడిన గొంతు వాళ్లది కాదు.

అది ఒకవైపు నుంచి నడక. మీరడిగింది రెండో వైపు గురించి. దానికి మిమ్మల్ని ఒక మందుల దుకాణానికి తీసుకుపోవాలి.

అలబామా రాష్ట్రంలో టెనసీ నది ఒడ్డున ఫ్లోరెన్స్ అనే చిన్న ఊరు. అక్కడ ఒక మందుల దుకాణం మీది గదిలో, 1950ల చివర్లో, ముగ్గురు కుర్రాళ్లు పాటల కంపెనీ పెట్టారు. ఒకడు దుకాణం యజమాని కొడుకు. రెండోవాడు రిక్ హాల్, కంట్రీ బృందంలో ఫిడేలు వాయించినవాడు. మూడోవాడు బిల్లీ షెరిల్, మత ప్రచారకుడి కొడుకు. ‘ఫ్లోరెన్స్ అలబామా మ్యూజిక్ ఎంటర్‌ప్రైజెస్’ అని పేరు పెట్టి, తొలి అక్షరాలు కలిపి ‘ఫేమ్’ అన్నారు. చేతిలో డబ్బు లేదు గానీ పేరులోనే కీర్తి పెట్టుకున్నారు! ఏడాది తిరిగేసరికి చెడింది. మిగతా ఇద్దరూ రిక్ హాల్‌ను బయటకు పంపేశారు. అతనికి దక్కిందల్లా ఆ పేరే.

హాల్ నదికి ఇవతల, మజిల్ షోల్స్‌లో స్టూడియో పెట్టాడు. 1961లో ఆర్థర్ అలెగ్జాండర్ అనే నల్లజాతి కుర్రాడు అక్కడ ‘యూ బెటర్ మూవ్ ఆన్’ పాడాడు. హోటల్లో సామాన్లు మోసే ఉద్యోగం అతనిది. కౌబాయ్ పాటలంటే ప్రాణం. ఒక్కసారి విని చూడండి, అది సోల్ పాటో కంట్రీ పాటో మీ యాప్ కూడా తేల్చలేదు. ఆ పాట తెచ్చిన డబ్బుతో హాల్ కొత్త స్టూడియో కట్టాడు. 1967 జనవరిలో సోల్ గాయని అరీతా ఫ్రాంక్లిన్ అక్కడికే వచ్చింది. ఆమె గొంతు వెనుక వాయించిన వాద్యగాళ్లు దాదాపు అందరూ తెల్లవాళ్లు, కంట్రీ పాటల మధ్య పెరిగినవాళ్లు.

బిల్లీ షెరిల్ నాష్‌విల్ వెళ్లిపోయాడు. కంట్రీ రికార్డులు తీసే పెద్ద నిర్మాత అయ్యాడు. 1969లో 20 ఏళ్ల బార్బరా మాండ్రెల్ చేత ఓటిస్ రెడింగ్ పాట పాడించింది ఆయనే. ఒక గదిలో మొదలైన ఇద్దరిలో ఒకడు సోల్ వైపు, ఒకడు కంట్రీ వైపు పోయారని పుస్తకాల్లో రాస్తారు. నాకైతే ఇద్దరూ ఆ గదిని మోసుకునే పోయారనిపిస్తుంది.

ఇక నాకు అందరికన్నా ఇష్టమైన మనిషి చార్లీ రిచ్. 1932లో ఆర్కన్సాలో పత్తి సాగుచేసే ఇంట్లో పుట్టాడు. వాళ్ల పొలంలో కౌలుకు చేసే నల్లజాతి రైతు ఒకాయన అతనికి బ్లూస్ పియానో నేర్పాడు. ఆ వేళ్లు ఏ పట్టికలోనూ ఇమడలేదు. 1966లో మెంఫిస్‌లో హై రికార్డ్స్ అనే కంపెనీకి పాడడం మొదలుపెట్టాడు. ఆ కంపెనీ పాటలు రికార్డు చేసే స్టూడియో ఒకప్పటి సినిమా హాలు. నేల ఇప్పటికీ హాలు నేలలాగే ఏటవాలుగా ఉంటుందట. ఐజాక్ హేస్, డేవిడ్ పోర్టర్ అనే నల్లజాతి జంట రాసిన ‘లవ్ ఈజ్ ఆఫ్టర్ మీ’ చార్లీ రిచ్ అక్కడే పాడాడు. బాకాలు తరుముతుంటే గొంతు వాటి ముందు పరిగెత్తుతుంది. పాడింది ఎవరో చెప్పకుండా వినిపిస్తే తెల్లవాడని మీరు పందెం కాయలేరు. పాట అమ్ముడుపోలేదు. అదే రోజుల్లో అదే కంపెనీకి హ్యాంక్ విలియమ్స్ అనే గాయకుడి కంట్రీ పాటలతో ఒక ఆల్బమ్ కూడా పాడాడు. అదీ అమ్ముడుపోలేదు. చివరికి 1973లో, జుట్టు తెల్లబడ్డాక, కంట్రీ గాయకుడిగా దేశం నెత్తిన పెట్టుకుంది. అప్పటి నిర్మాత ఎవరనుకున్నారు? మళ్లీ ఆ షెరిలే.

రానీ మిల్సాప్ కథ ఇంకో తీరు. ఉత్తర కరొలైనా కొండల్లో పుట్టిన, చూపు లేని కుర్రాడు. లా చదవమని పెద్దలు చెబుతున్న రోజుల్లో అట్లాంటాలో రే చార్లెస్‌ను కలిశాడు. పియానో వాయించి వినిపించాడు. సంగీతమే నీ దారి అన్నాడాయన. 1965లో మిల్సాప్ పాడిన ‘నెవర్ హ్యాడ్ ఇట్ సో గుడ్’ రిథమ్ అండ్ బ్లూస్ పట్టికకెక్కింది. ఆ రికార్డు రెండో వైపు పాటను మరుసటి ఏడు రే చార్లెస్ తానే పాడి ఆ పట్టికలో మొదటి స్థానానికి తీసుకుపోయాడు. అది తాగుడు పాట. పేరు అడగకండి, మీ అమ్మ నన్ను కోప్పడుతుంది. మిల్సాప్ తరువాత నాష్‌విల్ చేరి కంట్రీలో పెద్ద పేరు తెచ్చుకున్నాడు.

టెక్సాస్ వాడు రాయ్ హెడ్ గురించి ఒక్క మాట. 1965లో ‘ట్రీట్ హర్ రైట్’ పాడి, స్టేజీ మీద పల్టీలు కొట్టి, దేశం మొత్తం పట్టికలోనూ, రిథమ్ అండ్ బ్లూస్ పట్టికలోనూ రెండో స్థానం దాకా వెళ్లాడు. తరువాత అతనూ కంట్రీకే చేరాడు.

ఇప్పుడు మీ తగాదా. ఓటిస్ పాటను జెర్రీ బట్లర్‌తో కలిసి తానే రాశాడు. ఇంకొకరు పాడి రికార్డు అమ్మితే రాసినవాళ్లకు వాటా వస్తుంది, కాబట్టి చట్టం లెక్కలో కాజేయడమేమీ లేదు. మనసు లెక్కలో కూడా బార్బరాను నేను తప్పుపట్టను. పదకొండేళ్లకే స్టీల్ గిటారు వాయించి పెద్దవాళ్లను ఆశ్చర్యపరిచిన పిల్ల, తనకు నచ్చిన పాట పాడింది.

కానీ చిన్నదాని ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. చార్లీ రిచ్, మిల్సాప్, బార్బరా సోల్ ఇంట్లో కొన్నాళ్లు ఉండి తిరిగి వస్తే కంట్రీ తలుపు వాళ్ల కోసం తెరిచే ఉంది. నల్లజాతి వాళ్లకు ఆ తలుపు ఎలా తెరుచుకుందో చూడండి. చార్లీ ప్రైడ్ తొలి రికార్డును 1966లో రేడియోలకు ఫొటో లేకుండా పంపారు. ముఖం చూస్తే వేయరేమోనని భయం. 1969లో లిండా మార్టెల్ ఓప్రీ వేదిక మీద ఒంటరిగా పాడిన తొలి నల్లజాతి మహిళ అయింది. ఆమె పాడిన ‘కలర్ హిమ్ ఫాదర్’ సోల్ పాటే. ఆమె రికార్డు కంపెనీ పేరు ‘ప్లాంటేషన్’. బానిసలతో పత్తి పండించిన తోటలకు అక్కడ ఆ పేరే. ఒక్క ఆల్బమ్ తరువాత ఆమె కంట్రీ ప్రయాణం ఆగిపోయింది.

ఓటిస్ 1967 డిసెంబరులో విమాన ప్రమాదంలో పోయాడు. వయసు 26. బార్బరా పాడింది ఆయన వినలేదు.

ఆదివారం మీరిద్దరూ కలిసి ఒక పని చేయండి. ముందు ఓటిస్‌ది పెట్టండి. మొదట గొంతు ఒంటరిగా బయలుదేరుతుంది. బాకాలు మెట్టు మెట్టుగా ఎక్కుతుంటే అతను వెనక్కి తగ్గుతున్నట్టే ఉంటాడు, చివర్లో ఒక్కసారిగా తెగిస్తాడు. తరువాత బార్బరాది పెట్టండి. ఏ మాట దగ్గర ఆమె ఊపిరి తీసుకుందో, ఓటిస్ ఎక్కడ తీసుకున్నాడో కాగితం మీద రాసుకోండి. పెద్దవాడు రాస్తాడు, చిన్నది చెబుతుంది. ఇద్దరి లెక్కా కుదరకపోతే నాకు ఫోను చేయండి. మధ్యాహ్నం రెండు దాటాక చేయండి, అంతకుముందు మీ నాయనమ్మ నన్ను కూరలు తరగడానికి కూర్చోబెడుతుంది.

మీ తాతయ్య