ఊరు విడిచాకే ఇంటిపేరు

చోడవరంలోనే పుట్టి పెరిగిన కుటుంబాన్ని ఆ ఊళ్లో ఎవరూ 'చోడవరపు వారు' అని పిలవరు. అందరూ అక్కడివాళ్లే అయినప్పుడు ఆ మాట ఎవరినీ గుర్తుపట్టించదు. అందులో ఒక ఇల్లు మరో ఊరికి వలసపోయి కాపురం పెడితే మాత్రం 'ఆ చోడవరం నుంచి వచ్చినోళ్లు' అంటారు. రెండు మూడు తరాలు గడిచేసరికి అదే ఇంటిపేరుగా స్థిరపడుతుంది. అంటే ఇలాంటి ఇంటిపేరు కుటుంబం ఉన్న చోటును చెప్పదు, విడిచి వచ్చిన చోటును చెబుతుంది. గురజాడ అప్పారావు 1862లో పుట్టింది అప్పటి విశాఖ జిల్లా ఎస్.రాయవరంలో. గురజాడ మాత్రం కృష్ణా జిల్లా ఊరు.

ఊరిపేరు ఇంటిపేరయ్యేటప్పుడు మారే తీరు తెలుగు వ్యాకరణంలోదే. చివర 'ఊరు' ఉంటే 'ఊరి' అవుతుంది: కందుకూరు, కందుకూరి. 'పాడు' ఉంటే 'పాటి' అవుతుంది. 'వరం' అంటే నిజానికి వరము. ఆ ము పోయి పు వస్తుంది: సబ్బవరం, సబ్బవరపు. శృంగవరపుకోట అన్న ఊరిపేరులో వినిపించేదీ ఈ మార్పే. పల్లి, కోట, వాడ, పూడి సాధారణంగా మారవు. అల్లూరు అల్లూరి అయింది; ఆ ఇంటిపేరుతోనే 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా ఒక జిల్లా వెలిసింది. ఊరిపేరు ఇంత దూరం నడవడం అరుదు.

మూలం వెతికేవాళ్లు ముందు ఈ మార్పును వెనక్కి తిప్పి ఊరిపేరు రాబట్టాలి. ఎక్కువమంది పొరబడేది ఆ తర్వాతే. యలమంచిలి అనగానే విశాఖ వాళ్లకు మన యలమంచిలే గుర్తొస్తుంది. పశ్చిమ గోదావరిలోనూ యలమంచిలి ఉంది. అల్లూర్లు, చోడవరాలు కూడా ఒకటికి మించి ఉన్నాయి. కాబట్టి ఆ పేరున్న ఊళ్లన్నీ రాసుకుని, గోత్రం, ఇలవేల్పు, పాత దస్తావేజులతో ఒక్కొక్కటీ సరిచూడాలి. దస్తావేజులో తాత పేరు ఒక్కటే చూసి ఆగకూడదు. పక్కనే 'ఫలానా గ్రామ కాపురస్తులు' అని ఉంటుంది, అసలు ఆధారం అదే. జమీందారీ గ్రామాలకు 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత తయారైన సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ అనే భూమి రికార్డులో రైతు పేరు దొరకొచ్చు.

ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన చుట్టరికం ఉన్నట్టు కాదు. ఒకే ఊరు విడిచిన వేర్వేరు కులాల వాళ్లకు ఒకే ఇంటిపేరు పడింది. పెళ్లి సంబంధాల దగ్గర పెద్దలు ఇంటిపేరుతో ఆగక గోత్రం కూడా అడిగేది ఇందుకే.

ఇప్పటి చిక్కు ఇంగ్లిషు అక్షరాలది. యలమంచిలి రైల్వే స్టేషన్ పేరును ఇంగ్లిషులో 'ఇ'తో మొదలుపెడతారు, స్టేషన్ కోడ్ మాత్రం వై.ఎల్.ఎం. ఊరిపేరే ఇలా రెండు విధాలుగా ఉంటే ఇంటిపేరు ఇంకెలా ఉంటుంది? పదో తరగతి సర్టిఫికెట్‌లో అన్నకు వై., తమ్ముడికి ఇ. అని పొడి అక్షరం పడితే, పాస్‌పోర్టు దరఖాస్తులో ఇంటిపేరు గడి నింపేటప్పుడు తేడా బయటపడుతుంది. పిల్లల జనన ధ్రువపత్రం దగ్గరే పొడి అక్షరం కాకుండా ఇంటిపేరు పూర్తిగా, తండ్రి సర్టిఫికెట్‌లో ఉన్న స్పెల్లింగుతోనే రాయించాలి.