ఛార్జర్ తీసినా ల్యాప్‌టాప్ ఎందుకు నెమ్మదించడం లేదు?

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న మీ ల్యాప్‌టాప్ ఛార్జర్ తీసేసినా తనంతట తాను 'పవర్ సేవర్'కు మారడం లేదని, ఫ్యాను మోగుతూనే ఉందని, బ్యాటరీ చూస్తుండగానే కరిగిపోతోందని రాశారు. "చెడిపోయిందా తాతయ్యా?" అని అడిగారు. ఇలాంటప్పుడు చాలాసార్లు ఏదీ చెడిపోయి ఉండదు. ఒకరి నుంచి ఒకరికి అందవలసిన కబురు దారిలో ఎక్కడో ఆగిపోయి ఉంటుంది.

మా చిన్నతనంలో మా ఊరి చెరువుకు ఒక నీరటి ఉండేవాడు. ఎగువన వాగు పారుతున్నన్నాళ్లు ఆయన తూము నిండుగా తెరిచేవాడు. వాగు ఆగిపోయి, ఉన్న నీటితోనే పంట గట్టెక్కాలన్నప్పుడు సన్నగా వదిలేవాడు. వాగు ఆగిందన్న కబురు పశువులు మేపే పిల్లలం మోసుకొచ్చేవాళ్లం. ఇసుకలో పరుగెత్తుకొచ్చి చెబితే, పిల్లల మాటే కదా అని తీసిపారేయకుండా ఆయన శ్రద్ధగా విని, కండువా బిగించి తూము వైపు నడిచేవాడు. ఆయకట్టు చివరి మడికి కూడా నీరందాలని రాత్రిళ్లు లాంతరు పట్టుకుని కాలువ గట్టు మీద తిరిగిన మనిషి ఆయన. మన కంటికి కనబడకుండా మన కోసం పనిచేసేవారిని గుర్తుంచుకోవడం మంచి అలవాటు.

మీ యంత్రంలో ఛార్జరే వాగు, బ్యాటరీయే చెరువు, తూమును ఎంత తెరవాలన్నదే పవర్ ప్రొఫైల్. పర్ఫార్మెన్స్, బ్యాలెన్స్‌డ్, పవర్ సేవర్ అనే మూడు మెట్లలో దాన్ని తిప్పే నీరటి పేరు పవర్-ప్రొఫైల్స్-డీమన్. తెర మీద కనబడకుండా వెనుక నడుస్తూ ఉంటాడు.

ముందు వాగు కబురు వస్తోందో లేదో చూడండి. 'సిస్' కింద 'క్లాస్', దాని కింద 'పవర్_సప్లై' అనే ఫోల్డర్ ఉంటుంది. అందులో ఛార్జర్‌కు ఏసీ అనో, ఏడీపీ1 అనో, యూఎస్‌బీ-సీ ఛార్జరైతే ఇంకా పొడవైన పేరో ఉంటుంది. దానిలోని 'ఆన్‌లైన్' ఫైలులో ఉండేది ఒక్క అంకె: ఛార్జర్ ఉంటే 1, లేకపోతే 0. తీసి, పెట్టి, ఆ అంకె మారుతోందో లేదో గమనించండి. అంకె మారకపోతే లోపం కింది స్థాయిలో, అంటే యంత్రాన్ని మేల్కొలిపే బయోస్‌లోనో, లైనక్స్‌కు గుండెకాయలాంటి కెర్నెల్‌లోనో ఉన్నట్టు. అప్పుడు పైన ఎన్ని సెట్టింగులు మార్చినా ఫలితం ఉండదు.

అంకె మారుతున్నా ప్రొఫైల్ మారకపోతే, నీరటికి ఆజ్ఞ ఇచ్చారా లేదా అన్నది అడగాలి. చాలామంది తడబడేది ఇక్కడే. మీరు వాడుతున్న గ్నోమ్ డెస్క్‌టాప్, అంటే తెర మీద మెనూలు, కిటికీలు చూపే ప్రోగ్రామ్, ఛార్జర్ తీయగానే పవర్ సేవర్‌కు మారదు. బ్యాటరీ బాగా తగ్గినప్పుడే మారుతుంది. కేడీఈ ప్లాస్మా అనే మరో డెస్క్‌టాప్‌లో అయితే ఛార్జర్ మీద ఉన్నప్పుడు ఏ ప్రొఫైల్, బ్యాటరీ మీద ఏది, బ్యాటరీ తగ్గినప్పుడు ఏది అని విడివిడిగా చెప్పుకోవచ్చు. గ్నోమ్‌లోనూ అలాగే కావాలంటే పరికరాల్లో మార్పు రాగానే స్పందించే యూడెవ్ అనే లైనక్స్ భాగానికి నియమం ఒకటి రాసి, 'ఆన్‌లైన్' 0 అయినప్పుడు ప్రొఫైల్ మార్చే పవర్‌ప్రొఫైల్స్‌సీటీఎల్ అనే ఆదేశాన్ని నడపమని చెప్పాలి. అందులో ఆదేశం ఏ ఫోల్డర్‌లో ఉందో ఆ పూర్తి దారి రాయండి. ఎక్కువసేపు నడిచే పని అక్కడ పెట్టకండి, యూడెవ్ దాన్ని మధ్యలోనే ఆపేస్తుంది. ఇంకొక మాట కూడా ఉంది. ఈ మధ్య వచ్చిన పవర్-ప్రొఫైల్స్-డీమన్ వెర్షన్లలో ప్రొఫైల్ పేరు బ్యాలెన్స్‌డ్ అనే ఉన్నా, బ్యాటరీ మీదకు రాగానే కొన్ని ప్రాసెసర్లను లోలోపల పొదుపు వైపు మళ్లిస్తాయి. కాబట్టి పేరు మారలేదని పొదుపే జరగడం లేదనుకోనక్కర్లేదు.

ఒక చెరువుకు ఇద్దరు నీరట్లు ఉండకూడదు. బ్యాటరీ బాగా వస్తుందని ఎవరో చెప్పగా టీఎల్‌పీ అనే ఇంకొక ప్రోగ్రామ్ కూడా పెట్టుకుని ఉంటే, ఒకరు తెరిచిన తూమును మరొకరు మూస్తారు. ఫెడోరా అనే లైనక్స్ రకం 41వ వెర్షన్‌లో, అంటే 2024 నుంచి, పవర్-ప్రొఫైల్స్-డీమన్ స్థానంలో ట్యూన్డ్ అనే ప్రోగ్రామే ఆ పని చేస్తోంది. మీ యంత్రంలో ఎవరు పనిలో ఉన్నారో సిస్టమ్‌సీటీఎల్ అనే ఆదేశంతో చూసి, ఒక్కరినే ఉంచండి. ఆటలాంటి ప్రోగ్రామ్ ఏదైనా పర్ఫార్మెన్స్‌ను పట్టి ఉంచిందేమో పవర్‌ప్రొఫైల్స్‌సీటీఎల్ లిస్ట్-హోల్డ్స్ చెబుతుంది.

చివరిగా తూము తలుపు. పవర్‌ప్రొఫైల్స్‌సీటీఎల్ లిస్ట్ అని నడిపితే ప్రతి ప్రొఫైల్ కింద, యంత్రానికి ఆజ్ఞను చేరవేసే డ్రైవర్ పేరు కనిపిస్తుంది. అక్కడ ప్లేస్‌హోల్డర్ (ఖాళీని నింపడానికి పెట్టిన పేరు) అన్న మాట తప్ప వేరే డ్రైవర్ ఏదీ లేకపోతే, పైన చక్రం తిరుగుతున్నా కింద తలుపు లేదన్నమాట: పేరు మారుతుంది, యంత్రం మారదు.

అదే జాబితాలో పర్ఫార్మెన్స్ కింద 'డిగ్రేడెడ్' (వేగం తగ్గించారా) అనే వరుస ఉంటుంది. కొన్ని థింక్‌ప్యాడ్ ల్యాప్‌టాప్‌లను బల్ల మీద నుంచి తీసి ఒడిలో పెట్టుకుంటే, అవి ఆ సంగతి కనిపెట్టి, మన కాళ్లు కాలకుండా తమ వేగాన్ని తామే తగ్గించుకుంటాయి. అప్పుడు ఆ వరుసలో ఒడిలో ఉన్నట్టు కారణం కూడా రాసి ఉంటుంది. యంత్రానికి ఒడి ఎలా తెలుస్తుందో మాటల్లో చెప్పడం కన్నా మీరే చూడడం బాగుంటుంది. మీ స్నేహితులలో ఎవరి దగ్గరైనా అలాంటిది ఉంటే అడిగి తీసుకుని, బల్ల మీద ఒకసారి, ఒడిలో ఒకసారి పెట్టి ఆ వరుస చదవండి. మీ ల్యాప్‌టాప్‌లో ఛార్జర్ పేరు ఏమని ఉందో, ఆ అంకె మారిందో లేదో నాకు రాయండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య