"ఓర్చుకో అమ్మా" అనే ముందు: విశ్వాసం, ఓర్పు గురించి అపోహలు - వాస్తవాలు

ప్రకాశం జిల్లాలో ఒక పల్లె సంఘానికి మా ఆయన పాస్టరు. ఇరవై రెండేళ్లుగా నేను స్త్రీల కూడికలు నడుపుతున్నాను, ఇళ్లకు వెళ్లి ప్రార్థన చేస్తున్నాను. పొగాకుకు మంచి రేటు పలికిన ఏడూ, శనగ ఎండిపోయిన ఏడూ అవే గడపలు తొక్కాను. "విశ్వాసం", "ఓర్పు" అన్న రెండు మాటలతో మనవాళ్లను మనమే ఎంత నొప్పిస్తున్నామో ఆ ఇళ్లలోనే చూశాను. కింద రాసిన అపోహల్లో ఒకటి స్వయంగా నా నోటి నుంచే వచ్చింది.

అపోహ: వాగ్దానం వచ్చిందంటే ఈ ఏడాదే నెరవేరాలి

డిసెంబరు 31 రాత్రి ఆరాధన అయ్యాక పళ్లెంలో వాగ్దాన కార్డులు పెడతాం, ఒక్కోదాని మీద ఒక్కో బైబిలు వచనం ఉంటుంది. అందరూ వరసగా వచ్చి ఒక్కొక్కటి తీసుకుంటారు. ఆ కార్డు ఏడాదంతా బైబిల్లోనో, అద్దం మూలనో ఉంటుంది. మీ పట్ల నా ఉద్దేశాలు మేలుకే గానీ హానికి కాదని దేవుడు చెప్పే యిర్మియా 29:11 వచ్చినవాళ్ల మొహం వెలిగిపోతుంది. ఇక అబ్బాయికి ఉద్యోగం, అమ్మాయికి సంబంధం ఈ ఏడాదే అనుకుంటారు. మళ్లీ డిసెంబరు వచ్చేసరికి, "నా విశ్వాసంలోనే లోపముందేమో అమ్మగారూ" అని కళ్లనీళ్లు పెట్టుకుంటారు.

ఆ వచనానికి పై వచనం చూడండి. అందులో డెబ్బై ఏళ్లు గడిచాకే అని ఉంది. యెరూషలేము నుంచి బబులోనుకు చెరపట్టుకుపోయినవాళ్లకు యిర్మియా పంపిన ఉత్తరం అది. దానికి ముందు అధ్యాయంలోనే హనన్యా అనే ప్రవక్త రెండేళ్లలో అంతా సర్దుకుంటుందని ప్రకటిస్తాడు. వినడానికి ఎవరికైనా ఆ మాటే హాయిగా ఉంటుంది. కానీ దేవుడు చెప్పించింది వేరు: ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి. ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో చాలామంది మళ్లీ యెరూషలేము మొహం చూసి ఉండరు. అయినా ఆ వాగ్దానం వాళ్లది కూడా. అందుకే ఇప్పుడు ఆ కార్డు ఎవరికి వచ్చినా అధ్యాయం మొదటి నుంచీ చదివి వినిపిస్తున్నాను.

అపోహ: దేవుని కోసం కనిపెట్టడం (ఎదురుచూడటం) అంటే చేతులు కట్టుకుని కూర్చోవడం

యాకోబు 5:7లో ఓపికకు చూపించిన మనిషి రైతు. తొలకరి వర్షం, కడవరి వర్షం పడేదాకా ఓపికతో కనిపెడతాడట. మనకు తొలకరి అంటే మృగశిర కార్తె. ఇశ్రాయేలు దేశంలో తొలకరి పడేది అక్టోబరు, నవంబరుల్లో. అప్పుడు గోధుమ, యవలు విత్తుతారు. గింజ గట్టిపడే ముందు, మార్చి ఏప్రిల్ రోజుల్లో కడవరి వాన పడుతుంది. ఇది చెబితే మా నల్లరేగడి రైతులకు ఇట్టే అర్థమవుతుంది. మేము శనగ వేసేదీ ఆ అక్టోబరు, నవంబరుల్లోనే, నేలలో మిగిలిన తేమ మీద.

మా సంఘంలో ఒక పెద్దాయన విత్తే ముందు జానెడు లోతు తవ్వి, మట్టి తీసి పిడికిట్లో నొక్కి చూస్తాడు. ముద్ద కట్టాలి, వేలితో తడితే విడిపోవాలి. అప్పుడే గొర్రు కట్టమంటాడు. మొలకొచ్చాక రోజూ పొద్దున్నే చేలో తిరుగుతూ చిగురాకులు తిప్పి పచ్చపురుగు గుడ్లు ఉన్నాయేమో చూస్తాడు. "వాన మన చేతిలో లేదమ్మా, పురుగును చూడటం మన చేతిలోదే కదా" అంటాడు. ఆ వచనం మీద అంతకంటే మంచి ప్రసంగం నేను వినలేదు.

మన తెలుగు బైబిల్లో వాడిన "కనిపెట్టు" అన్న మాట నాకు చాలా ఇష్టం. జ్వరంతో పడుకున్నవాళ్లను, పసిబిడ్డను కనిపెట్టుకుని ఉండమంటాం. అంటే రెప్ప వాల్చకుండా చూసుకోమని. 130వ కీర్తనలో కావలివారు ఉదయం కోసం కనిపెట్టేదీ అలాగే, మెలకువతో.

అపోహ: విశ్వాసి ఏడవకూడదు

నా నోటి నుంచి వచ్చింది ఇదే. ఒక చెల్లి భర్త పొలంలో పాము కరిచి చనిపోయాడు. ఆదరణ కూడికలో ఆమె గుండెలు బాదుకుంటుంటే పక్కన కూర్చుని, "ఏడవకమ్మా, సాక్ష్యం పోతుంది" అన్నాను, చూసేవాళ్ల ముందు మన విశ్వాసం చులకనవుతుందని. ఆమె టక్కున ఆపేసింది. తర్వాత ఆరు నెలలు గుడికి రాలేదు.

ఒక మధ్యాహ్నం ఇంటికి వెళ్లాను. వసారాలో చాటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది. తల ఎత్తలేదు. "గుడికొస్తే ఏడుపొస్తుంది అమ్మగారూ. ఏడిస్తే మీకు నచ్చదు" అంది. నాకు మాట రాలేదు. ఎదురుగా కూర్చుని చాట రెండో అంచు నుంచి నేనూ రాళ్లు ఏరడం మొదలుపెట్టాను. బియ్యం సగమయ్యేసరికి ఆమె ఏడ్చింది, నేనూ ఏడ్చాను. ఆ రోజు నేను ప్రార్థన కూడా చేయించలేదు.

"నిరీక్షణలేని ఇతరులవలె మీరు దుఃఖపడకుండు నిమిత్తము" అన్న పౌలు మాటను (1 థెస్సలొనీకయులకు 4:13) మనం సగమే పట్టుకుంటాం. దుఃఖపడొద్దని అనలేదు, నిరీక్షణ, అంటే ఆశ, లేనివాళ్లలా వద్దన్నాడు. చనిపోయిన లాజరును కాసేపట్లో లేపబోతున్నానని తెలిసి కూడా యేసు కన్నీళ్లు విడిచాడు. 88వ కీర్తన అయితే చివరిదాకా తెల్లవారదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అనే ముగుస్తుంది. ఆ కీర్తనను ఎవరూ బైబిల్లోంచి తీసేయలేదు. ఇప్పుడు ఆదరణ కూడికల్లో నేను దాన్నే ముందు చదువుతున్నాను.

అపోహ: కష్టం వచ్చిందంటే ఏదో పాపం ఉన్నట్టే

పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు అడిగిందీ ఇదే. వీడైనను వీని కన్నవారైనను పాపము చేయలేదని యేసు జవాబిచ్చాడు (యోహాను 9:3). పిల్లలు లేని కోడలి దగ్గర ఈ మాటెత్తేవాళ్లు ఆ అధ్యాయం ఒకసారి తీసి చదవాలి.

అపోహ: మందు వేసుకుంటే విశ్వాసం లేనట్టు

బీపీ, షుగర్ మాత్రలు ఆపేసి ఉపవాసంలో కూర్చునేవాళ్లున్నారు. దయచేసి ఆపకండి. ఉపవాసం ఉండాలనుకుంటే ముందు డాక్టరును అడగండి. పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడే. మనసు బాగోలేకపోయినా అంతే. ఏలీయా ప్రవక్త చెట్టు కింద పడుకుని చావు కోరుకున్నప్పుడు దేవదూత అతన్ని గద్దించలేదు. రొట్టె, నీళ్లు పెట్టి లేపాడు, తిని మళ్లీ పడుకుంటే పడుకోనిచ్చాడు (1 రాజులు 19). డిప్రెషన్‌లో ఉన్నవాళ్లకు ప్రార్థన, డాక్టరు, వేళకు అన్నం, నిద్ర, అన్నీ కావాలి.

అపోహ: భర్త కొట్టినా ఓర్చుకోవడమే క్రైస్తవ స్త్రీ లక్షణం

ఈ మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. బిడ్డల్నీ ఆస్తినీ పోగొట్టుకున్న బైబిలు భక్తుణ్ణి చూపించి "యోబులాగా ఓర్చుకో" అంటారు. యోబు నోరు మూసుకున్నాడని ఎవరు చెప్పారు? "నేను నా నోరు మూసికొనను" అన్నది ఆయనే (7:11). అధ్యాయాల తరబడి దేవుణ్ణే నిలదీశాడు. చివరికి దేవుడు కోప్పడింది నీతులు చెప్పిన స్నేహితుల మీద. తన సేవకుడైన యోబు పలికినట్టు మీరు పలకలేదన్నాడు (42:7). సౌలు రాజు ఈటె విసిరితే దావీదు అక్కడే నిలబడి పొడిపించుకోలేదు, తప్పించుకుని పారిపోయాడు. లూకా 18లో విధవరాలు న్యాయాధిపతి చుట్టూ తిరిగి తిరిగి న్యాయం సాధించుకుంది. అది కూడా ఓర్పే.

దెబ్బలు తింటున్న చెల్లి ఎవరైనా చదువుతుంటే వినమ్మా: 2005 గృహహింస చట్టం నీ కోసమే ఉంది. 181కి ఫోన్ చేయి. మీ సంఘంలో నమ్మకమున్న ఒక పెద్దమ్మకు చెప్పు, వాళ్ల ఇంట్లో ఆ రాత్రి పడుకో. ఇద్దరినీ కూర్చోబెట్టి చేతులు కలిపి పంపేద్దామనే పాస్టర్లు, పాస్టరమ్మలు ముందు ఆమె ప్రాణానికి భద్రత చూడాలి. తర్వాతే మిగతా మాటలు.

అపోహ: వెనకటి భక్తులు ప్రార్థిస్తే వెంటనే జరిగేది

ఒంగోలు ప్రార్థన కొండ సంగతి మా వైపు అందరికీ తెలుసు. 1854 జనవరి 1న తెల్లవారుజామున అమెరికా బాప్తిస్టు మిషనరీలైన జూయెట్ దంపతులు, కొద్దిమంది తెలుగు విశ్వాసులు ఆ కొండ మీద మోకరించి, ఒంగోలుకు ఒక సేవకుణ్ణి పంపమని అడిగారు. ఆ సేవకుడిగా వచ్చిన అమెరికా మిషనరీ క్లౌ దొర ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. మధ్యలో పన్నెండేళ్లు. అప్పటికే అమెరికాలో ఈ తెలుగు మిషన్‌ను మూసేద్దామనే మాట కూడా నడిచింది.

తర్వాత 1876-78 కరువు. క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి ఇప్పించాడు. బాప్తిస్మం ఇమ్మని జనం వచ్చినా దాదాపు పదిహేను నెలల పాటు ఇవ్వలేదు. కూటి కోసం వచ్చారన్న మాట వాళ్ల మీద పడకూడదనుకున్నాడు. కరువు తగ్గాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మనం ఆ ఒక్కరోజునే సాక్ష్యంగా చెప్పుకుంటాం. ఆ పదిహేను నెలల్లో కాలువ గట్టున మట్టి తట్టలు మోసినవాళ్లను ఎవరూ తలచుకోరు.

చాటలో బియ్యం ఏరిన చెల్లి మళ్లీ గుడికి వస్తోంది. మొన్న డిసెంబరు 31న కార్డు తీసుకుని తన చోటికి వెళ్లలేదు, నా పక్కనే నిలబడింది. నా చేతికి కార్డు ఇచ్చి, "పై వచనం కూడా చదవండి అమ్మగారూ" అంది.