జీరో విమానం అసలు రంగేమిటి? మోడలర్ల వాదన వెనక 80 ఏళ్ల కథ

రెండో ప్రపంచ యుద్ధం నాటి జపాన్ ఫైటర్ మిత్సుబిషి ఏ6ఎం2 జీరోకి ప్లాస్టిక్ మోడల్ కట్టడం పెద్ద కష్టమేం కాదు. ఇప్పటి కిట్లలో ముక్కలు చక్కగా అతుక్కుంటాయి. ఓపికున్న వాళ్లు కొద్ది రోజుల్లోనే కాక్‌పిట్ ముగించి, రెక్కలు బిగించి, పుట్టీ పెట్టి, శాండింగ్ దాకా వచ్చేస్తారు. అసలు తలనొప్పి అక్కడి నుంచే మొదలవుతుంది. 1941 డిసెంబర్‌లో హవాయిలోని అమెరికా నౌకాస్థావరం పెర్ల్ హార్బర్ మీదికి వెళ్లిన జీరోకి ఏ రంగు వెయ్యాలి? పాత కిట్ కాగితం లేత బూడిద అంటుంది. కొత్త కిట్ ఆకుపచ్చ కలిసిన బూడిద అంటుంది. మధ్యలో ఒకాయన వచ్చి అది గోధుమ వన్నె అని కొట్టిపారేస్తాడు. ముగ్గురి దగ్గరా ఏదో ఒక ఆధారం ఉంటుంది, అదే టెన్షన్.

ఈ గొడవ అర్థం కావాలంటే విమానం పుట్టిన రోజులకు వెళ్లాలి. 1937లో జపాన్ నౌకాదళం కొత్త ఫైటర్ కోసం పెట్టిన షరతులు చాలా కఠినం. వేగం కావాలి, చాలా దూరం ఎగరాలి, గాలిలో ఇట్టే తిరగాలి, పైగా విమాన వాహక నౌక మీద దిగాలి. చేతిలో ఉన్న ఇంజన్లకేమో అంత బలం లేదు. మిత్సుబిషి డిజైనర్ జిరో హొరికోషికి మిగిలింది ఒకటే దారి, బరువు తగ్గించడం. లోపలి ఫ్రేములకు వీలైనచోటల్లా బెజ్జాలు కొట్టించాడు. రెక్కల దూలాలకు సుమితొమో కంపెనీ 1936లో తెచ్చిన కొత్త అల్యూమినియం మిశ్రమాన్ని వాడాడు. తోకకూ రెక్కలకూ ఉండే కదిలే భాగాలకు రేకు బదులు గుడ్డ తొడిగాడు.

ఇలాంటి అల్యూమినియం మిశ్రమాలు గట్టివే గానీ సముద్రపు ఉప్పుగాలిని తట్టుకోలేవు. అందుకే లోపలి లోహానికి అవోతాకే అనే నీలి-ఆకుపచ్చ లక్కపూత వేసేవాళ్లు. అది పారదర్శకంగా ఉండి కింది లోహపు మెరుపు పైకి కనిపిస్తుంది. బయటి పూత కూడా అందం కోసం వేసింది కాదు, నౌక డెక్ మీద నెలల తరబడి ఉండే విమానానికి అది రక్షణ కవచం. ఇంతకీ, మొదటి నమూనాను నగోయా ఫ్యాక్టరీ నుంచి కాగమిగహర ఎయిర్‌ఫీల్డ్‌కు చేర్చింది ఎడ్ల బండ్లే. రోడ్డు అంత ఘోరంగా ఉండటంతో లారీ కుదుపులకు విమానం పాడవుతుందని భయపడ్డారు. 1939 ఏప్రిల్ 1న అది గాల్లోకి లేచింది. 1940 జూలైలో నౌకాదళంలో చేరింది. జపాన్ సాంప్రదాయ పంచాంగంలో అది 2600వ సంవత్సరం, చివరి అంకె సున్నా. జీరో అనే పేరు అందుకే వచ్చింది.

పెర్ల్ హార్బర్ దాడిలో జపాన్ 29 విమానాలు పోగొట్టుకుంది, వాటిలో 9 జీరోలు. అకాగి నౌకకు చెందిన, తోక మీద ఏఐ-154 నంబరున్న జీరో అక్కడి ఫోర్ట్ కమెహమెహా దగ్గర కూలింది. హిర్యూ నౌక నుంచి వచ్చిన బీఐఐ-120 నీహౌ దీవిలో దిగింది. పైలట్ దాన్ని తగలబెట్టినా కొన్ని భాగాలు మిగిలాయి, ఇప్పుడవి పెర్ల్ హార్బర్ మ్యూజియంలో ఉన్నాయి. రంగు పరిశోధన చాలావరకు ఇలాంటి తునకల మీదే నడిచింది.

మరి పూర్తి విమానం దొరకలేదా అంటే, దొరికింది. 1942 జూన్ 4న అలాస్కాలోని డచ్ హార్బర్ మీద దాడి చేసి తిరిగి వెళ్తూ తదయోషి కోగా అనే పైలట్ అకుటాన్ దీవిలో అత్యవసరంగా దిగబోయాడు. గట్టి నేల అనుకున్నది బురద. విమానం తిరగబడి అతను చనిపోయాడు గానీ, విమానం మాత్రం దాదాపు చెక్కుచెదరలేదు. నెల దాటాక అమెరికన్లకు కనిపించింది. దాన్ని శాన్ డియెగోకు తీసుకెళ్లి, బాగుచేసి, సెప్టెంబర్‌లో ఎగరేశారు. కోగా బయల్దేరింది ర్యూజో అనే నౌక నుంచి. తెలుగువాళ్లకు ఈ ర్యూజో కొత్తేం కాదు. అంతకు రెండు నెలల ముందు, 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులేసిన విమానాలు దాని మీద నుంచి లేచినవే. అయితే అవి జీరోలు కావు, నకజిమా బీ5ఎన్ బాంబర్లు.

అకుటాన్ జీరో మీద అమెరికా వాళ్లు చేయని పరీక్ష లేదు. కానీ ఎగరేసే ముందు దానికి తమ నౌకాదళపు రంగులు పూసేశారు. చివరికి 1945లో శాన్ డియెగోలోనే రన్‌వే దగ్గర వెనక నుంచి వచ్చిన హెల్‌డైవర్ విమానం ప్రొపెల్లర్ దాన్ని ముక్కలు చేసింది. అంత శ్రద్ధగా చదివిన విమానం కూడా రంగు దగ్గరికొచ్చేసరికి మనకు పెద్దగా అక్కరకు రాలేదు.

అసలు దెబ్బ తగిలింది 1945 ఆగస్టులో. లొంగిపోయే ముందు, ఆ వెంటనే జపాన్ సైన్యం, నౌకాదళం కాగితాలను కుప్పలు పోసి కాల్చేశాయి. మిగిలిన విమానాలను ఆక్రమణ సేనలు ధ్వంసం చేయించాయి. 1952 దాకా జపాన్‌లో విమానాల తయారీ మీద నిషేధం. ఫ్యాక్టరీలో ఏ డబ్బాలోంచి ఏ రంగు తీశారో చెప్పే పత్రాలు చాలావరకు బూడిదయ్యాయి. మిగిలినవి నలుపు తెలుపు ఫొటోలు. వాటిలో ఎండ కాస్త ఎక్కువైతే విమానం తెల్లగా కనిపిస్తుంది, అంతకంటే ఏమీ తేలదు.

జపాన్ మోడల్ కిట్ల కంపెనీ టమియా తన మొదటి ప్లాస్టిక్ కిట్ యమతో యుద్ధనౌకను 1960లో తెచ్చింది. ఆ తర్వాత షిజువోకా నగరం జపాన్ ప్లాస్టిక్ మోడళ్లకు రాజధానిలా మారింది. ఆ కాలపు జీరో కిట్ల పెట్టెల మీద బొమ్మలన్నీ లేత బూడిద, దాదాపు తెలుపు. ఒక తరం మొత్తం ఆ పెట్టెలు చూస్తూ పెరిగింది. అందుకే వేరే రంగు చెబితే పెద్దవాళ్లకు ఇప్పటికీ రుచించదు.

తునకలు చేతికొచ్చాక పరిశోధకులకు ఒక విషయం తట్టింది. పైకి లేత బూడిదగా కనిపించే ముక్కను మెత్తగా రుద్దితే కింద నుంచి ముదురు రంగు బయటపడుతోంది, ఆలివ్ వైపు మొగ్గిన ఆకుపచ్చ బూడిద. ఎండకు పూతలోని జిగురు చెడిపోయి, రంగు పొడి సుద్దలా పైకి తేలుతుంది. మనం ఇన్నాళ్లూ అసలు రంగు అనుకున్నది ఆ సుద్దే. దీనికి తోడు 1942 నాటి నౌకాదళ పరిశోధన పత్రం ఒకటి బయటికొచ్చింది. అప్పటి జీరో రంగు బూడిదే గానీ కొంచెం అమె-ఇరో వన్నెకు తిరిగినది అని అందులో ఉంది. అమె-ఇరో అంటే ఇంచుమించు మన బెల్లం పాకం ఛాయ. కొందరు ఈ మాట పట్టుకుని మోడళ్లను ఏకంగా గోధుమ రంగులో ముంచేశారు. నా మటుకు ఇది పాత తెల్లరంగు కంటే పెద్ద పొరపాటు. పత్రం చెప్పింది బూడిదకు ఉన్న ఒక వన్నె గురించి మాత్రమే. పైన వేసిన వార్నిష్ పసుపెక్కడం వల్లే ఆ ఛాయ వచ్చిందన్న వాదన కూడా ఉంది. అది కూడా కొట్టిపారేయదగ్గది కాదు.

పెయింట్ కంపెనీలు కూడా దారికొచ్చాయి. టమియా తన పాత ఎక్స్ఎఫ్-12 బూడిదకు తోడు ఎక్స్ఎఫ్-76 అనే ఆకుపచ్చ బూడిదను తెచ్చింది. 2021లో చెక్ కంపెనీ ఎడ్వార్డ్ 1/48 స్కేల్‌లో కొత్త జీరో తెచ్చినప్పుడు పాత వాదనలన్నీ మళ్లీ బయటికొచ్చాయి.

బల్ల మీద మోడల్ పెట్టుకున్నవాళ్లు ముందుగా తేల్చుకోవాల్సింది ఏ విమానం, ఏ నెల అనేది. జీరోలు పదివేలకు పైగా తయారయ్యాయి. వాటిలో సగానికి పైగా కట్టింది మిత్సుబిషి కాదు, పోటీ కంపెనీ నకజిమా. ఇద్దరి రంగులూ ఒకేలా ఉండవు. మోడల్ 21లో, అంటే నౌకల మీద వాడిన ఏ6ఎం2 రకంలో, బాడీ మీది ఎర్ర సూర్యుడి చుట్టూ తెల్ల అంచు ఉంటే అది నకజిమా విమానమని గుర్తు. పెర్ల్ హార్బర్‌కు వెళ్లినవి మిత్సుబిషివి, కాబట్టి డికాల్ షీట్‌లో (మోడల్‌కు అతికించే గుర్తుల కాగితంలో) అంచు ఉన్న గుర్తులు వాడొద్దు. ఇంజన్ కవర్ నలుపే గానీ అందులో కాస్త నీలం కలపాలి. గుడ్డ తొడిగిన భాగాలకు వేసిన పూత వేరు, అక్కడ ఆకుపచ్చ లేని మామూలు బూడిద వేస్తే తేడా కంటికి ఇంపుగా తెలుస్తుంది. అవోతాకే కోసం ముందు అల్యూమినియం రంగు కొట్టి, ఆరాక క్లియర్ బ్లూ, క్లియర్ గ్రీన్ కలిపి పలచగా రెండు కోట్లు ఇవ్వాలి. సీసాలో దొరికే మెటాలిక్ నీలం ఒక్కటే కొడితే బొమ్మకారులా తయారవుతుంది.

పూత ఊడినట్టు వెండి మచ్చలు పెట్టడం మీద కూడా చాలామందికి మోజు. యుద్ధం చివర్లో హడావుడిగా కట్టిన జపాన్ విమానాల మీద పూత పెచ్చులు పెచ్చులుగా ఊడిన మాట నిజమే. 1941 డిసెంబర్ నాటి నౌకల మీది జీరోలు మాత్రం కొత్తవి, సిబ్బంది వాటిని జాగ్రత్తగా చూసుకునేవారు. పైలట్ కాలు పెట్టే చోట, ఇంజన్ ప్యానెళ్ల అంచుల్లో నాలుగు గీతలు చాలు. వెండి మచ్చల మీద అంత ప్రేమ ఉంటే దక్షిణ పసిఫిక్‌లోని జపాన్ స్థావరం రబౌల్‌కు చెందిన 1943 తర్వాతి విమానం ఎంచుకోండి. అప్పటికి పైభాగం ముదురు ఆకుపచ్చ అయిపోయింది, ఈ బూడిద గొడవ సగం తీరిపోతుంది.